తగవులు తీర్చు విద్యకు తగిన విద్యాలయము

తగవు అను మాటకు మన పూర్వకావ్యములలో న్యాయమనియు, ఔచిత్యమనియు అర్థము గలదు. నేడు వాడుకలో నదియే కలహమునకు పేరైనది. రోగమును మందును ఒక్క పదములోనే యిమిడి యుండుట నాకు చిన్ననాటనుండియు వింతగా తోచుచుండును. తగవు తీర్చు పెద్దమనుష్యుని మనవారు తగవరి యనిరి. అతనికి పరీక్షలు లేవు, పట్టములు లేవు. నెరసిన తలయు, నలుగురిలో మాట చెల్లుబడియు నుండిన చాలును. ఆడువారికి రచ్చబండ యెక్కు నధికారము లేకుండెను గాని, ఇంటిలోపలి తగవులను తీర్చుచు వచ్చినది వారే. అత్తకును కోడలికిని, అన్నకును తమ్మునికిని సంధి కుదుర్చు నేర్పు మన యమ్మమ్మలు ఏ బడిలో చదివిరి?

ఇప్పుడా విద్యకు విశ్వవిద్యాలయములు మాస్టర్సు పట్టము నిచ్చుచున్నవి. మా యక్కగారి కుమార్తె బి.ఏ. ముగించి, హైదరాబాదులో నొక కంపెనీయందు ఉద్యోగుల ఫిర్యాదులు విను శాఖలో రెండేండ్లు పనిచేసి, ఈ చదువునకై అమెరికా పోవలెనని పట్టుపట్టినది. ‘ఇంజనీరింగు చదివినవారికే దిక్కు లేకయుండగా, పంచాయితీల చదువునకు పొలము తాకట్టు పెట్టుదునా?’ యని మా బావగారి వాదము. ఇరువురును నన్ను నడుమ నిలిపిరి. మా వారు బడిపంతులగుటచే ప్రకటనలను ప్రశ్నపత్రములవలె దిద్దుచు చదువు నలవాటు వారికి గలదు. మేము ముగ్గురమును కొన్ని వారములపాటు ఆ యా విద్యాలయముల వివరములు వెదకి చదివితిమి. ఇట్టి యాలోచనలో నున్న ఇతర కుటుంబములకు అవి యుపకరించునని యిచ్చట వ్రాయుచున్నాను.

మొదట తెలియవలసినది మూడు మార్గముల భేదము. ఇరుపక్షములవారును తామే కూర్చుండి మాటలాడుకొనుట సంప్రతింపు. ఇరువురకును నమ్మకమైన మూడవ మనిషి నడుమ కూర్చుండి, తాను తీర్పు చెప్పక, వారిచేతనే యొప్పందము చేయించుట మీడియేషను. ఇరువురును కోరుకొన్న మూడవ మనిషి సాక్ష్యము విని తీర్పు చెప్పుటయు, ఆ తీర్పునకు వారు కట్టుపడుటయు ఆర్బిట్రేషను. పత్రికలవారు చివరి రెండింటిని మధ్యవర్తిత్వమనియే వ్రాయుటచే చదువరులకు చిక్కు గలుగుచున్నది. నేనిచ్చట మధ్యవర్తిత్వ మన్నచోట మీడియేష ననియే గ్రహింపవలెను. మన పల్లెల పంచాయితీ నిజమునకు మూడవదానికే దగ్గర చుట్టము. పెద్దలు తీర్పు చెప్పుదురు. కాదన్నవారికి ఊరిలో నిలువ నీడ యుండదు.

తిక్కనగారి ఉద్యోగపర్వము చదివినవారికి శ్రీకృష్ణుడే మొదటి మధ్యవర్తియని తోచును. సభలలోను అట్లే చెప్పుచుందురు. నాకది సమ్మతము గాదు. ఆయన పాండవుల పక్షమున పోయిన రాయబారి. అర్జునునకు సారథి యగుటకు అప్పటికే యొప్పుకొన్నవాడు. అంతకు ముందు పోయిన ద్రుపదుని పురోహితుడును ఆ పక్షమువాడే. ధృతరాష్ట్రుడు పంపిన సంజయుడు శాంతివచనములు తెచ్చెనే కాని, భూమి మాట తేలేదు. ఇరువురకును సమానుడై, ఏ పక్షమును చేర నొల్లని బలరాముడు తీర్థయాత్రలకు తరలిపోయెను! నడుమ కూర్చుండవలసినవాడు ఊరు విడిచినప్పుడు ఏమి జరుగునో పదునెనిమిది దినములలో తేలినది. రాయబారము వేఱు, మధ్యవర్తిత్వము వేఱు అను నీ యొక్క సంగతి గ్రహించినవారికి ఆ చదువులో మొదటి పాఠము వచ్చినట్లే.

ఈ విద్యకు మూలపురుషు లెవరని యడిగిన అమెరికనులు పెక్కు పేర్లు చెప్పుదురు. నేను మొదట నొక స్త్రీ పేరు చెప్పుదును. మేరీ పార్కర్ ఫాలెట్ అను నామె 1868లో మసాచుసెట్సు రాష్ట్రమున జన్మించి, బోస్టను నగరములో జనసేవ చేసి, కలహమును ఉపయోగకరముగా మార్చుకొను తీరునుగూర్చి 1925లో ఉపన్యసించెను. ఆమె చెప్పిన దృష్టాంతము వంటయింటి మాటవలె సుళువైనది. గ్రంథాలయములో నొక చిన్న గదియందు ఒకరు కిటికీ తెఱవవలె ననిరి. ఆమె మూయవలె ననెను. తుదకు ఎవ్వరును లేని ప్రక్కగదిలోని కిటికీ తెఱచిరి. అవతలివారికి కావలసినది గాలి. ఈమె వలదనుకొన్నది తనపై నేరుగా వీచు ఉత్తరపుగాలి. ఇరువురిలో నెవ్వరును ఓడలేదు, సగముతో సరిపెట్టుకొననులేదు. ‘ఏమి కావలెను’ అని యడుగుట మాని ‘ఎందులకు కావలెను’ అని యడుగుటయే కిటుకు. రోజర్ ఫిషర్, విలియం యూరీ అనువారు 1981లో ప్రకటించిన ‘గెటింగ్ టు యెస్’ అను పుస్తకముద్వారా ఈ మాట లోకమెల్ల వ్యాపించినది.

న్యాయస్థానములవైపునుండి మఱియొక పాయ వచ్చి దీనిలో కలిసినది. 1976లో మిన్నెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ నగరమున న్యాయమూర్తులు పెద్దసభ జరిపినప్పుడు, హార్వర్డు ఆచార్యుడు ఫ్రాంక్ శాండర్ న్యాయస్థానమునకు ఒక్క ద్వారము చాలదని వాదించెను. వచ్చిన వివాదమును చూచి, దేనిని విచారణకు, దేనిని మధ్యవర్తి యొద్దకు, దేనిని ఆర్బిట్రేషనునకు పంపవలెనో తలవాకిటనే తేల్చవలెనని యతని భావము. ఆ పిమ్మటి పది పండ్రెండేండ్లలోనే నేడు మనము వినుచున్న విద్యాకేంద్రములలో పెక్కులు పుట్టినవి. హార్వర్డులోని సంప్రతింపుల కేంద్రము 1983లో నేర్పడినది. కాని అది పట్టము నిచ్చునది కాదు. కొలది దినముల తరగతికి పోయి తెచ్చిన యోగ్యతాపత్రమును మాస్టర్సు పట్టమని భ్రమపడరాదు.

ఇక పట్టము నిచ్చు విద్యాలయముల సంగతి. పేర్లన్నియు నొక్కతీరుగానే వినబడును. లోపలి చదువులు వేఱు. కొన్ని న్యాయకళాశాలల నీడలో పెరిగినవి. కాలిఫోర్నియాలో సముద్రపుటొడ్డున మాలిబు అను నూర పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయము గలదు. దాని న్యాయకళాశాలలో 1986లో స్ట్రాస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపింపబడినది. న్యాయపట్టము లేనివారికి అచ్చట ‘మాస్టర్ ఆఫ్ డిస్ప్యూట్ రెజల్యూషన్’ అను పట్టమును, ఉన్నవారికి ఎల్‌ఎల్.ఎం. పట్టమును గలవు. మిస్సోరి విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలోని కేంద్రము 1984 నాటిది. లండనులో క్వీన్ మేరీ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ ఆర్బిట్రేషను విద్యాకేంద్రము 1985 నాటిది. ఈ రెండుచోట్లను ఎల్‌ఎల్.ఎం. చదువునకు పేరు. ఎల్‌ఎల్.ఎం. అనగా ముందు న్యాయశాస్త్రము చదివినవారికే యని మఱవరాదు. బి.ఏ. చదివిన పిల్ల ఎల్‌ఎల్.ఎం. ప్రకటన చూచి ఆశపడుట వలన ప్రయోజనము లేదు.

కొన్ని శాంతిశాస్త్రమున పుట్టినవి. వాషింగ్టను నగరమునకు ఎదుట, పోటోమాక్ నదికి ఈవలి యొడ్డున ఆర్లింగ్టనులో జార్జి మేసన్ విశ్వవిద్యాలయపు శాఖ యున్నది. 1982లో చిన్న కేంద్రముగా మొదలైన దానికి 2020లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరుయొక్కయు, ఆయన భార్య రోజలిన్‌యొక్కయు పేరు పెట్టిరి. అచ్చట జాతులకును మతములకును దేశములకును నడుమ కలహము లేల పుట్టునో విచారింతురు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు (1973), స్వీడనులో ఉప్సాలా (1971) కూడ నీ కోవలోనివే. వ్యవహారజ్ఞాన ప్రధానమైనవి వేఱొక తెగ; న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయము సంప్రతింపులు, కలహ పరిష్కారము అను విషయమున ఎం.ఎస్. పట్టము నిచ్చుచున్నది. కార్యాలయములలోను సంస్థలలోను పనిచేయదలచిన వారికి అట్టిది సరిపడును.

మా యమ్మాయి మొదట జార్జి మేసనుపై మనసుపడినది. పేరులో శాంతి యుండుటయు, రాజధాని దగ్గర నుండుటయు నామెను ఆకర్షించినవి. ‘నీవు యుద్ధము లాగినచోటులకు పోయి పనిచేయుదువా? లేక ఆలుమగలకు, ఉద్యోగికిని యజమానికిని నడుమ కూర్చుందువా?’ అని మా వా రడిగిరి. ఆమె కొంతసేపు పలుకలేదు. రెండవదే యని పిమ్మట చెప్పినది. ఆ యొక్క జవాబుతో పట్టికలోని పేర్లు సగము తగ్గిపోయినవి. చదువు ముగిసిన మూడవయేట సోమవారము ఉదయము పదిగంటలకు నీవెచ్చట, ఎవరి యెదుట కూర్చుండదలచితివి అని పిల్లల నడుగుట, విద్యాలయముల శ్రేణుల పట్టికలు చూచుటకంటె మేలని నా నమ్మకము. ఆ శ్రేణులు చాలవఱకు న్యాయకళాశాలలకై కట్టినవి. న్యాయవాది కాని మన పిల్లకు వానిలోని మొదటి స్థానమునకును పదవ స్థానమునకును గల భేదము అంతగా పట్టదు.

నా మట్టుకు అన్నిటికంటె ముఖ్యమని తోచినది అభ్యాసము. వైద్యవిద్యార్థి రోగిని ముట్టక వైద్యుడు కాలేనట్లే, కోపముతో నున్న ఇద్దరు మనుష్యుల నడుమ కూర్చుండక యెవ్వరును మధ్యవర్తి కాలేరు. తరగతిలో తోడి విద్యార్థినులే అత్తయు కోడలునై నటించుట మంచిదే. కాని నటనలో కోపము గంటకొట్టగానే చల్లారును. నిజమైన కోపము అట్లు చల్లారదు. అది మాట తప్పించును, కన్నీరు పెట్టించును, పాతికేండ్ల నాటి పెండ్లిలో వడ్డించని గారెను గూడ బయటికి లాగును. పెప్పర్‌డైన్ విద్యార్థులు లాస్ ఏంజిల్సు ప్రాంతపు చిన్న దావాల కోర్టులలో నిజమైన వివాదములకు మధ్యవర్తులుగా కూర్చుండు నవకాశము గలదు. బాకీ చెల్లింపని యద్దెదారు, బాగుచేయని కారు, తిరిగి యీయని బయానా — ఇట్టివే యచ్చటి వ్యవహారములు. చిన్నవేయైనను, విద్య పట్టుబడునది వానియందే. కావున ఏ విద్యాలయమునకు వ్రాసినను ఈ మాట లడుగవలెను: ఒక్కొక్క విద్యార్థి పట్టము పుచ్చుకొనులోపల ఎన్ని నిజమైన వివాదములలో కూర్చుండును? ప్రక్కన గురువు కూర్చుండునా? కూర్చుండిన పిమ్మట తప్పొప్పులు చెప్పువా రెవరు? పరదేశ విద్యార్థులకును ఆ యవకాశము సమానముగా నిత్తురా? దీనికి సూటిగా జవాబు రానిచోట ఎంత గొప్ప పేరున్నను నేను మా పిల్లను పంపను.

మా బావగారిని కలవరపెట్టిన సంగతి మఱియొకటి గలదు. తండ్రులు దీనిని తప్పక తెలిసికొనవలెను. అమెరికాలో మధ్యవర్తి యగుటకు ఈ పట్టము విధిగా నుండవలెనను చట్టము లేదు. వైద్యునకు, న్యాయవాదికి వలె లైసెన్సు లేదు. కోర్టులు తాము పంపు వ్యవహారములకు తగిన శిక్షణను రాష్ట్రమునకొక తీరున నిర్ణయించినవి. టెక్సాసులో 40 గంటల శిక్షణయు, పిల్లల సంరక్షణ విషయములకు మఱి 24 గంటలును అడుగుదురు. మన దేశములో సుప్రీంకోర్టు 2005లో ఏర్పఱచిన మధ్యవర్తిత్వ సంఘమువారును 40 గంటల శిక్షణనే ఇప్పించుచు వచ్చిరి. ‘నలుబది గంటలలో నగుపనికి రెండేండ్లును, ఇంత ధనమును ఏల?’ అని మా బావగా రడిగినప్పుడు మే మెవ్వరమును నవ్వలేకపోతిమి. అది సరియైన ప్రశ్న. అనుభవముగల న్యాయవాదికి, విశ్రాంత న్యాయమూర్తికి ఆ నలుబది గంటలే చాలవచ్చును. ఇరువదినాలుగేండ్ల పిల్లను నడుమ కూర్చుండబెట్టుకొనుటకు ఎవరు ఒప్పుకొందురు? ఆమెకు పట్టము వలన వచ్చునది మధ్యవర్తి పీఠము కాదు. సంస్థలలో ఫిర్యాదుల విచారణ, విశ్వవిద్యాలయములలో అంబుడ్స్‌మన్ కార్యాలయము, సేవాసంఘములు — వీనిలో నడుగుపెట్టుటకు మార్గము. పీఠము నెరసిన తలతోనే వచ్చును. ఈ మాట ముందే తెలిసి పోయినవారికి పిమ్మట నిరాశ యుండదు.

ధనము సంగతి దాచి ప్రయోజనము లేదు. అచ్చట ఫీజు సంవత్సరమునకింత యని కాక, యూనిట్ల లెక్కన కట్టవలసి యుండును. మాస్టర్సునకు సాధారణముగా 30 మొదలు 36 యూనిట్లు. ఒక యూనిట్ వెలను ఆ సంఖ్యచే గుణించి, దానిపై ఇల్లు, తిండి, వైద్యపు బీమా కలిపిన గాని నిజమైన లెక్క తేలదు. మాలిబు వంటి సంపన్నుల యూరిలో అద్దెయే యొక ఫీజు. చదువు ముగిసిన పిమ్మట విద్యార్థి వీసాపై నున్నవారికి ఒక యేడు ఉద్యోగశిక్షణకు అనుమతి యిచ్చుచున్నారు. ఇంజనీరింగు, గణితము మొదలగు శాస్త్రములవారికి మఱి 24 నెలల పొడిగింపు గలదు. ఈ విద్య ఆ జాబితాలో చేరినది కాదు. పొరుగింటి అబ్బాయి మూడేండ్లు పనిచేసి ఋణము తీర్చెనని చూచి, మన పిల్లయు నట్లే తీర్చునని లెక్క వేయరాదు. పూర్తిగా ఇంటినుండి యంత్రముపై చదువు తరగతులకు ఆ వీసాయే దొరకదు. మఱియు మన బి.ఏ. మూడేండ్లదే యగుటచే, పదునాఱేండ్ల చదువు కావలెనను విద్యాలయములు కొన్ని దాని నంగీకరింపవు. దరఖాస్తు రుసుము కట్టుటకు ముందే ఈ సంగతి వ్రాసి యడుగుట మంచిది. నియమములు మారుచుండునవి గనుక పోయిన యేటి మాట ఈ యేట నమ్మరాదు.

పొలము తాకట్టు పెట్టక చదువు మార్గమొకటి మాకు కనబడినది. రోటరీ సంఘమువారు శాంతి, కలహ పరిష్కార విషయములలో మాస్టర్సు చదువుటకు ఏటా 50 మందికి మించకుండ విద్యార్థివేతనము లిచ్చుచున్నారు. ఫీజు, బస, భోజనము, రాకపోకల వ్యయము అన్నియు వారే భరింతురు. ఉప్సాలా, బ్రాడ్‌ఫర్డు విశ్వవిద్యాలయములు అందు చేరినవి. మూడేండ్ల ఉద్యోగానుభవము కావలెను. మన యూళ్లలో పెద్దలు చాలమంది రోటరీ సభ్యులు గదా. సభ్యుల బిడ్డలును మనుమలును దీని కర్హులు కారని యచ్చటి నియమము. ఊరి రోటరీ అధ్యక్షుని కూతు రని గర్వించువారికిది చేదువార్త.

దేశములోనే చదువదలచినవారికి దారులు లేకపోలేదు. ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాలోని నెల్సన్ మండేలా కేంద్రము 2004లో ఏర్పడి, ఈ విషయమున ఎం.ఏ. చెప్పుచున్నది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము దూరవిద్యా పద్ధతిని వివాద పరిష్కారమున డిప్లొమా నడుపుచు వచ్చినది. గృహిణులకు ఇది మిక్కిలి వీలైనది. 2021 డిసెంబరులో హైదరాబాదుననే అంతర్జాతీయ ఆర్బిట్రేషను, మధ్యవర్తిత్వ కేంద్రము ప్రారంభమైనది. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వమునకు ప్రత్యేకముగా నొక చట్టము చేసినది. అందులోని కొన్ని సెక్షనులు ఆ యేడు అక్టోబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. 120 దినములలో మధ్యవర్తిత్వము ముగియవలెననియు, అవసరమైన మఱి 60 దినములు పొడిగింపవచ్చుననియు ఆ చట్టము చెప్పుచున్నది. ఇరుగుపొరుగుల శాంతికి భంగము గలిగించు వివాదములకు ముగ్గురు మధ్యవర్తుల మండలిని అది తలపెట్టి, అందు స్త్రీలకు స్థానము గల్పింపవచ్చుననెను. రచ్చబండ మెట్లు మనకు చట్టముచేత తెఱవబడుట నేను చిన్న సంగతి యనుకొనను.

ఐనను నా మనసులో బెరుకు గలిగించు విషయ మొకటి యున్నది. రాజీ యను మాట వినగానే మన దేశములో ఆడుదాని వైపు చూచుట వాడుక. మా వీథిలో నొక యిల్లాలిని భర్త కొట్టుచుండగా, పెద్దలు మూడుమార్లు కూర్చుండి మూడుమార్లును ఆమెనే సర్దుకొనిపొమ్మనిరి. ముగ్గురును మంచివారే, ఒక్కరును లంచము తీసికొన్నవారు కారు. వారు కోరినది శాంతి. ఆ శాంతి యామె వీపుపై నిలిచినది. కిటికీ దృష్టాంతము గాలికి చెల్లునే కాని దెబ్బలకు చెల్లదు. ఇరువురిలో నొకరు భయముతో నున్నప్పుడు వారి నెదురెదురుగా కూర్చుండబెట్టుటయే యన్యాయము. అప్పుడు వలసినది మధ్యవర్తి గాదు, రక్షణయు న్యాయస్థానమును. మంచి విద్యాలయములు ఇరుపక్షములను కలుపుటకు ముందే విడివిడిగా పిలిచి, ఇంటిలో హింస గలదా, బెదిరింపు గలదా యని యడుగు తీరును నేర్పుచున్నవి. మధ్యవర్తిత్వము చేయరాని చోటు గుర్తించుటను పాఠ్యక్రమములో నెన్ని తరగతులు బోధింతురో అడుగుమని మా యమ్మాయికి మఱిమఱి చెప్పితిని. ఆమె ఐదు విద్యాలయములకు వ్రాయగా మూడింటినుండి జవాబు వచ్చినది. ఒకదానివారు ఆ విషయమున చదివించు పుస్తకముల పట్టికను, నేర్పు గురువు పేరును పంపిరి. ఒకరు వర్ణచిత్రములుగల ప్రకటనపత్రమును మాత్రము పంపిరి. మూడవవారు ‘మా పూర్వవిద్యార్థినితో మాటలాడుడు’ అని ఆమె చిరునామా నిచ్చిరి. ఆమెతో గంటసేపు మాటలాడి తెలిసికొన్నంత మే మంతవఱకు చదివిన యే ప్రకటనలోను లేదు.

తరగతులు సాధారణముగా ఆగస్టులో మొదలగును గనుక, అంతకు ముందటి శీతకాలములోనే దరఖాస్తు పంపవలసి యుండును. ఇంగ్లీషు పరీక్ష, ఇద్దరు ముగ్గురు పెద్దల సిఫారసు లేఖలు, తన యుద్దేశమును దెలుపు వ్యాసము ఒకటి జతపఱుపవలెను. ఆ వ్యాసములో పిల్లలు ప్రపంచశాంతినిగూర్చి వ్రాసి పుటలు నింపుచున్నారు. అట్లు గాక, తాను కన్నులార చూచిన యొక తగవును, అందు ఎవరికేమి కావలసి యుండెనో, ఎందులకు కావలసి యుండెనో, అది యెట్లు తీఱినదో, లేక యేల తీఱలేదో ఉన్నదున్నట్లు వ్రాయుట మేలు. మా యమ్మాయి బోరుబావి నీటికై తన తండ్రికిని పినతండ్రికిని ఆఱేండ్లు నడచిన వ్యాజ్యమును వ్రాసినది. దానిని చదివి చూడుమని బావగారికే ఇచ్చినది. ఆయన కళ్లజోడు పెట్టుకొని, రెండు తేదీలు తప్పని దిద్ది, మాఱుపలుకక తిరిగి యిచ్చిరి. మూడేండ్ల యనుభవము పూర్తియగుటకు ఇంకొక యేడు కంపెనీలోనే యుండి, రోటరీవారికిని పెప్పర్‌డైన్‌కును ఒకేమాఱు దరఖాస్తు పెట్టుటకు నిశ్చయమైనది.